మూడు లక్షల మీద ఒట్టు

మన దగ్గర మైలేజీ అంటే లీటరుకి ఎంతిస్తుందని. బండి కనబడితే ముందు అడిగేది అదే, పెళ్లికొడుకు జీతం అడిగినట్టు. నన్నెవరైనా అలా అడిగితే, "రెండు లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల యాభై ఎనిమిది" అనేవాణ్ణి. లీటరుకా అని అవతలివాడు నోరు తెరిచేవాడు. కాదు నాయనా, ఇప్పటిదాకా తిరిగింది అని మీసం సవరించుకునేవాణ్ణి. ఎనిమిదేళ్లు ఇదే పాట. ఆ ఎనిమిదేళ్లలో మీటరు మీద పెరిగింది సరిగ్గా పన్నెండు కిలోమీటర్లు. బండి మాత్రం రోజూ తిరుగుతూనే ఉంది.

బండి 1998 మోడలు టాటా సుమో. సుమో అంటే జపాను పహిల్వాన్ల పేరని మా కాలనీలో అందరూ అనుకుంటారు, ఆకారం చూసి. కాదు, టాటా మోటార్స్‌ని నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ గారి పేరులో, ఇంటిపేరులో ఇంగ్లీషు అక్షరాలు మొదటి రెండేసి కలిపి పెట్టుకున్నారు. ఈ ముక్క నేను కనీసం వందమందికి చెప్పి ఉంటాను. వందో మనిషి కూడా మా ఆవిడే. నంబరు ఏపీ 20, అంటే పాత ఖమ్మం జిల్లా. తర్వాత రాష్ట్రం విడిపోయింది, 2016లో జిల్లా విడిపోయింది, ప్లేట్ల మీద టీఎస్ వచ్చింది, అదీ పోయి 2024లో టీజీ వచ్చింది. నా బండి మాత్రం లేని జిల్లాకి, లేని పేరుకి కట్టుబడి తిరుగుతోంది. రంగు తెలుపు. ఆర్సీలో అలాగే ఉంది. బొగ్గుదుమ్ము ఊళ్లో తెలుపంటే ఏమిటో మీకు తెలియంది కాదు.

దాన్ని 2004లో సెకండ్ హ్యాండులో కొన్నాను. అమ్మినాయన దేవుడి పటం మీద చెయ్యి పెట్టి, "డాక్టరు గారి బండి, సింగిల్ ఓనర్" అన్నాడు. మీటరు మీద 78 వేలు. సీటు కవర్లు కొత్తవి, క్లచ్చి పెడల్ మీద రబ్బరు నిగనిగలాడుతోంది. కొనేశాక మా మెకానిక్ భాయ్‌కి చూపించాను. ఆయన బానెట్ ఎత్తలేదు, ఇంజను శబ్దం వినలేదు. డోరు తీసి, డ్రైవరు కాళ్ల దగ్గరి మ్యాటు పైకి లేపాడు. మడమ ఆనే చోట రేకు అరిగి అరిగి, పావలా బిళ్లంత చిల్లు. అందులోంచి కింద రోడ్డు మీద పోతున్న చీమ కనిపించింది.

"రబ్బరు మార్చొచ్చు సార్, మీటరు తిప్పొచ్చు. మడమ ఎవడు మారుస్తాడు? రెండు లక్షలు ఎప్పుడో దాటింది ఇది" అన్నాడు భాయ్.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పలేదు. ఆ చిల్లు మీద రేకు ముక్క అతికించి, మ్యాటు పరిచేశాను. నా మొదటి అబద్ధం అది. మిగతావన్నీ దాని పిల్లలు.

ఇంకో సంగతి చెప్పకపోతే మీకు నా పాపం పూర్తిగా అర్థం కాదు. నేను సింగరేణిలో క్లర్కుని, ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపులో యంత్రాల లెక్కలు రాస్తాను. డంపర్లకి కిలోమీటర్ల లెక్క ఎవరూ అడగరు, గంటల లెక్కే. అది పోయేదెక్కడికి? గుంతలోకి దిగడం, మట్టి నింపుకుని డంపు మీదికి ఎక్కడం. ఆగి ఉన్నా ఇంజను ఆడుతూనే ఉంటుంది. అందుకే దానికి అవర్ మీటరు. గంటలు నిండి, రిపేరు ఖర్చు తడిసి మోపెడైతే 'సర్వే ఆఫ్' అంటారు. అంటే దాని రుణం తీరింది, ఇక తుక్కే. ఆ కాగితాలు తయారుచేసే చెయ్యి నాది. అవర్ మీటరు ఆగిపోయిందని తెలిస్తే అదే పూట రాసి పైకి పంపే చెయ్యీ ఇదే. సాయంత్రం ఇంటికొచ్చి సుమో బానెట్ మీద చెయ్యేసి నిమిరేది కూడా, మా ఆవిడ మాటల్లో, ఇదే చెయ్యి.

అప్పట్లో నా ఉద్యోగం ఇల్లందులో. 1889లో బొగ్గు తవ్వడం మొదలైన ఊరు, సింగరేణికి పుట్టిల్లు. పిల్లల చదువు కోసం కాపురం కొత్తగూడెంలో. రానూపోనూ 76 కిలోమీటర్లు. సుమోలో ఎనిమిదిమందిమి పోయేవాళ్లం, నెలకింతని డీజిల్ పంచుకునేవాళ్లం. ఎవరు ఎన్ని రోజులు ఎక్కారో, ఎవరు మస్టర్ పోగొట్టుకున్నారో, ఆ లెక్కంతా మా ఆవిడదే. వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన, గ్యాసు బండ పక్కన, బుల్లి అంకెల్లో కిలోమీటర్లు. ఈ క్యాలెండర్ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయి మునిగాను.

ఒట్టు ఎప్పుడు పెట్టానంటే, 2016లో. మా అత్తగారిని, బావమరిదిని ఎక్కించుకుని కిన్నెరసాని చూసి వస్తున్నాం. పాల్వంచ దాటాక సైలెన్సర్ ఊడి రోడ్డు మీద పడింది. పారేసి వద్దామంటే కొత్తది కొనాలి. కాలుతున్న గొట్టాన్ని మా అత్తగారి శాలువాలో చుట్టి బావమరిది ఒళ్లో పెట్టాం, చంటిపిల్లని పెట్టినట్టు. సైలెన్సర్ లేని డీజిల్ ఇంజను ఊళ్లోకి వస్తుంటే, చాయ్ హోటల్ దగ్గర నిలబడ్డ ఇద్దరు చేతి గడియారాలు చూసుకున్నారు. ఓసీలో ఇవాళ బ్లాస్టింగ్ ఈ టైముకేంటా అని. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెట్టలేదు. గోడవైపు తిరిగి, "దీన్ని ఎప్పుడు అమ్ముతారు?" అంది.

"మూడు లక్షలు నిండగానే. భద్రాద్రి రాముడి మీద ఒట్టు" అన్నాను. ఆకలి మీద ఉన్నవాడు ఏ దేవుడి మీదైనా ఒట్టేస్తాడు.

మర్నాటి నుంచి నాకు మీటరు తప్ప లోకం కనబడలేదు. ఇల్లందు రోడ్డు ఒక్కో రోజూ 76 చొప్పున నా బండి ఆయుష్షు మింగేస్తోంది. కూరగాయలకి నడిచిపోయాను. పాల ప్యాకెట్‌కి నడిచిపోయాను. షుగరు వచ్చిందా చెప్పట్లేదా అని మా ఆవిడ భయపడి నా అన్నంలో సగం తీసి చపాతీ పెట్టింది. మనసు మారుద్దామని ఆవిడకి ఒక కథ చెప్పాను. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అని ఒక సైన్సు మాస్టారు 1966లో వోల్వో కారు కొన్నాడు, 2013లో దాని మీద ముప్పై లక్షల మైళ్లు పూర్తి చేశాడు, అంటే 48 లక్షల కిలోమీటర్లు, మనది మూడు లక్షలకే ముసలిదైపోయిందా అని.

"ఆ మాస్టారు సైలెన్సర్ ఎవరి ఒళ్లో పెట్టిండో కనుక్కున్నారా?" అంది.

2017లో నాకు కొత్తగూడెంకే బదిలీ అయింది. దేవుడు కరుణించాడనుకున్నాను, అప్పటికే మీటరు 2,99,946. యాభై నాలుగు కిలోమీటర్లు. ఖమ్మం దాకా కూడా రాదు. ఒక రాత్రి అందరూ పడుకున్నాక గోనెసంచి పరుచుకుని బండి కింద దూరాను. గేరుబాక్సు పక్కన మీటరు కేబుల్ వచ్చి కలిసే చోట ఒక చిన్న నట్టు. పానా కూడా అక్కర్లేదు, వేళ్లతో తిప్పితే వస్తుంది. జిడ్డు, మట్టి గట్టిపడి ఉంటే గోరుతో గీకాను. మూడు తిప్పులు. కేబుల్ జారి నా మొహం మీద పడింది. దాని కొసన నాలుగు పలకల సన్నటి తీగ, పిల్లిమీసమంత. ఇంత సన్నటి దాని మీదా నా సంసారం నడుస్తోంది అనుకున్నాను.

ఒట్టు తప్పలేదు, చూశారుగా. మూడు లక్షలు నిండగానే అన్నాను. నిండలేదు.

మా ఊరి గాలే అంత అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కొత్తగూడెంలో రైలు స్టేషను పేరు భద్రాచలం రోడ్. దిగినవాళ్లు గుడి ఎటని అడిగితే, ఇంకో నలభై కిలోమీటర్లు బస్సెక్కమంటాం. బోర్డు మీద రాసిందొకటి, ఊరొకటి. మీటరు మీద ఉన్నదొకటి, బండి తిరిగిందొకటి అయితే నేరమా?

మీటరుతోపాటు స్పీడు ముల్లూ పడుకుంది. దానికీ అలవాటు పడ్డాను. నలభై దగ్గర వెనక డోరు మోగుతుంది, యాభై దగ్గర ఎడమ అద్దం, అరవై దాటితే మా ఆవిడ. ఆర్సీ రెన్యువల్‌కి మాత్రం మీటరు ఆడాలి. 2018లో ఒకసారి, 2023లో ఒకసారి, ఇంటి దగ్గరే కేబుల్ తగిలించుకుని పోయి, తిరిగొచ్చి ఊడదీశాను. పోయిరావడానికి ఆరేసి కిలోమీటర్లు. ఆ పన్నెండూ అలా ఖర్చయినవే. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు ఆరొందల నుంచి ఐదు వేలైంది. ఇంట్లో ఆరొందలనే చెప్పాను.

ఇక అసలు పాపం, లాభాల వాటా. సింగరేణి ఇంట్లో దసరా ముందు ఆ ప్రకటన కోసం చూసినంతగా దేనికీ చూడరు. 2024లో 33 శాతం అన్నారు. మా ఆవిడ గాజుల డిజైన్లు చూసి పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే సుమో నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. నల్ల పొగైతే డీజిల్ గొడవ, తెల్ల పొగైతే నీళ్లు, నీలం పొగంటే ఇంజను ఆయిల్ తాగుతున్నట్టు. "బోరుకొచ్చింది సార్" అన్నాడు భాయ్. సిలిండర్లు బోరు పట్టించాలి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చాలి. అరవై వేలు.

"వాటా డబ్బుల్లో అరవై వేలు ఏమైనయ్?" అంది మా ఆవిడ.

"బోరుకి" అన్నాను. నూటికి నూరు పాళ్లు నిజం.

మా ఊళ్లో రెండెకరాల చెలక ఉంది. ఆవిడ దాని గురించి అనుకుంది. మంచి పనే చేశారు, అత్తమ్మ ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది అంది. ఆ రాత్రి నెయ్యి వేసింది. నేను తిన్నాను, సిగ్గు లేకుండా రెండోసారీ వేయించుకున్నాను. సంక్రాంతికి ఊరికి పోయాం. కాళ్లు కడుక్కోకముందే చెలకలోకి పోయి, గట్టు మీద నిలబడి చుట్టూ చూసింది.

"బోరేదండీ?"

"ఫెయిలైంది."

"ఎన్ని ఫీట్లు వేసిండ్రు?"

"నాలుగు సిలిండర్లు" అన్నాను.

నోట్లోంచి వచ్చిన మాట వెనక్కి తిప్పడానికి అదేమన్నా మీటరా? ఆవిడ ఏమీ అనలేదు. చెలకలో నుంచి ఒక కందికాయ తెంపి వొలిచి నోట్లో వేసుకుంది. ఆడది కోప్పడకపోతే భయపడాలని అప్పుడు తెలిసింది.

తీర్పు వచ్చింది 2025 దసరా అయ్యాక. బావమరిది వచ్చాడు. నేను మామూలుగానే, "మూడు లక్షలు కూడా తిరగలేదు, ఇంకా పచ్చిగానే ఉంది బండి" అంటున్నాను. వంటింట్లోంచి పోపు చప్పుడుతోపాటు మాట వచ్చింది.

"మూడు లక్షల నలభై వేల రెండొందల పది."

లోపలికి పోయాను. కేబుల్ ఊడదీసిన ఏడాది నుంచీ క్యాలెండర్లు ఒకదాని కింద ఒకటి అదే మేకుకి ఉన్నాయి. పాల్వంచ 24, ఖమ్మం 160. ఏ రోజుకి ఆ రోజు, పాల ప్యాకెట్ల పక్కన.

"పక్క సీట్లో కూర్చునేది నేను కాదా? ముల్లు పడుకుంటే నాకు తెలవదా? మీరు బండి కింద దూరిన రాత్రికి మర్నాడే ఖమ్మం పోయినం, మీ పెద్దమ్మ మనవరాలి చీరలు కట్టే ఫంక్షన్‌కి. దోవలోనే దాటింది మూడు లక్షలు. ఇంటికొచ్చినంక కొబ్బరికాయ కొట్టిన. ఎందుకని అడిగిండ్రా?"

అడగలేదు. కొబ్బరి ముక్క మాత్రం తిన్నట్టు గుర్తు.

"మరి ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నవ్?"

ఆవిడ హాల్లోకి తొంగిచూసి, గొంతు తగ్గించింది. "కొత్త బండి ఉంటే మా తమ్ముడు ఆదివారం ఆదివారం అడుగుతడు. సైలెన్సర్ ఒళ్లో పెట్టుకుని వచ్చినోడు దీన్ని జన్మలో అడగడు. ఇచ్చినంక డీజిల్ పోయించడు, మీరు నన్ను అంటరు. ఎందుకొచ్చిన గొడవ?"

అయితే ఒట్టు మాత్రం వదల్లేదు. రాముడి మీద వేశారు కాబట్టి ఆయనకే చెప్పుకోమంది. ఆదివారం పొద్దున్నే నా చేతే, పట్టపగలు, పక్కింటివాళ్లు చూస్తుండగా కేబుల్ బిగింపజేసింది. మీటరు 2,99,958. భద్రాచలానికి బయలుదేరాం.

పాల్వంచ దగ్గర పాత కేటీపీఎస్ కరెంటు ప్లాంటు వైపు చూసి, "ఎనిమిది కూలింగ్ టవర్లు. నిరుడు ఆగస్టులో అంతెత్తువి పేల్చి పడగొట్టిండ్రు" అంది. నేను గేరు మార్చాను. "మీక్కూడా 61కి సర్వే ఆఫే గదా" అని మళ్లీ తనే అంది. గేరు పడలేదు. రెండోసారికి పడింది.

సారపాక దాటి, 1965 నాటి గోదావరి వంతెన ఎక్కేసరికి 2,99,999. చివర తొమ్మిది నెమ్మదిగా పైకి జరగడం మొదలుపెట్టింది. మామూలుగా ఒక చక్రం తిరుగుతుంది, మహా అయితే రెండు. ఇప్పుడు ఆరూ ఒకదాన్నొకటి లాక్కుంటూ లేవాలి. ఐదు తొమ్మిదులూ సగం దాకా లేచాయి, కింద నుంచి సున్నాల నెత్తులు కనబడ్డాయి, మొదటి రెండు కూడా కదిలింది. అక్కడ కిర్రుమని ఆగాయి. రెండు సగం, మూడు సగం. అద్దం మీద వేలితో కొట్టాను. కదల్లేదు. మళ్లీ కొట్టాను.

వెనక బస్సువాడు హారన్ కొడుతున్నాడు.

"రోడ్డు చూసి నడపండి" అంది మా ఆవిడ, చీర కొంగులో ముడి విప్పి గోదారిలో వెయ్యడానికి రూపాయి బిళ్ల తీస్తూ. "అది ఎప్పుడన్నా నిజం చెప్పిందా? మొదట్ల మ్యాటు కింద రేకు అతికించినప్పుడు నేను కాఫీ తెచ్చిన, గుర్తులేదా?"