సొంత బాణీ సోలోమూర్తి

ఆయన అసలు పేరు ఆధార్ కార్డులో భద్రంగా ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో మాత్రం అందరికీ సోలోమూర్తే. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు. మా హాలు గోడ, వాళ్ల హాలు గోడ ఒకటే. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇతరుల తప్పులు వెతికే ఉద్యోగం. రాత్రి గిటారు, అంటే తన తప్పులు వెతుక్కునే ఉద్యోగం. మొదటిదానికి జీతం వస్తుంది, రెండోదానికి పోతుంది.

ఇలాంటివాళ్లు మీ వీధిలోనూ ఒకరుంటారు. గుర్తుపట్టడం తేలిక. పెళ్లికైనా పెద్దకర్మకైనా నల్ల టీషర్టే. ఎడమచేతి వేళ్ల కొసలు కాయలు కాసి ఉంటాయి. ఆఫీసు బయోమెట్రిక్ మిషన్ మీద ఆ చేతి వేలు పెడితే మనిషి ఆ రోజు సెలవులో ఉన్నట్టే. ‘గిటారు వాయిస్తారా? అయితే ఓ పాట పాడండి’ అన్నారంటే మొహం చిన్నబోతుంది. ఎందుకంటే వీళ్లది గాయకుడు లేని రాక్ సంగీతం. ఇన్‌స్ట్రుమెంటల్ అంటారు. మాటలుండవు, గిటారే పాడాలి.

మాటల్లేవు కదా, సాధుజంతువే అనుకోకండి. 1958లో అమెరికాలో లింక్ రే ‘రంబుల్’ అని ఒక్క మాట లేని రికార్డు తెస్తే, కుర్రాళ్లు వీధుల్లో పడి కొట్టుకుంటారని భయపడి కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని నిషేధించాయి. మూర్తికి ఈ కథంటే ప్రాణం.

“మాటే లేకుండా నిషేధం తెచ్చుకున్నాడన్నా! మనం ఇక్కడ నాలుగేళ్లుగా వాయిస్తుంటే అసోసియేషన్ వాళ్లు ఒక్క... నోటీసైనా ఇవ్వలేదు” అని బాధపడతాడు.

మధ్యలో ఆ ఆగుడు ఆయనదే. పాలకొల్లు నుంచి వెంట తెచ్చుకున్నాడు. మాట అసలు చోటికి వచ్చేసరికి, గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నట్టు ఒక్క క్షణం నిలబడతాడు. తర్వాతే లోపలికి వస్తాడు.

ఆయన జీవితాశయం ఒక్కటే: సొంత బాణీ. రెండు స్వరాలు వినగానే ‘ఇది మూర్తి’ అని లోకం అనాలి. రాత్రి పదింటికి తలుపు కొట్టి, “అన్నా, ఇది విను, ఎవరిలా ఉంది?” అంటాడు. నాకేం తెలుస్తుంది? బాగుంది అంటాను. బాగుండటం ఆయనకు అక్కర్లేదు. “సాట్రియానిలా ఉంది కదూ?” అని ఓ అమెరికా గిటారిస్టు పేరు చెప్పి తనే అడిగి, ఔనని తనే తేల్చుకుని, ఇంటికెళ్లి లాప్‌టాప్ తెరుస్తాడు. అందులో తన వాయింపు మీద ఓ ఎక్సెల్ షీటు ఉంది. వృత్తి ధర్మం! సీరియల్ నంబరు, లోపం, తీవ్రత. ఒకటో నంబరు లోపం: ‘మూడో స్వరం దగ్గర ఆలస్యం. తీవ్రత: ఎక్కువ.’ పదేళ్లుగా తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని ఆ లోపం మీద యుద్ధం చేస్తున్నాడు.

జబ్బు ఇంజనీరింగ్ హాస్టల్లో అంటుకుంది. అంతవరకూ గిటారంటే సినిమాలో హీరో మంచు కొండల్లో మెడలో వేసుకుని తిరిగే వస్తువనే ఆయనకు తెలుసు. ఒక సీనియర్ హార్డ్ డిస్కులో జో సాట్రియాని 1987 ఆల్బమ్ ‘సర్ఫింగ్ విత్ ది ఏలియన్’ దొరికింది. ఆ రాత్రి నుంచి మూర్తి మూర్తి కాదు. అవతారాలు మొదలయ్యాయి.

మొదటిది సాట్రియాని అవతారం. ఒక ఉదయం గుండు, నల్లకళ్లద్దాలతో లిఫ్టులో కనిపించాడు. రెండో అంతస్తు మామ్మగారు చేతులు జోడించి, “గోవిందా! దర్శనం బాగా అయిందా నాయనా? ప్రసాదమేదీ?” అన్నారు. అది సాట్రియాని గుండు అని చెప్పే ధైర్యం చాలక, సాయంత్రం స్వీట్ షాపులో లడ్డూలు కొని ఫ్లాటు ఫ్లాటుకీ పంచాడు. మామ్మగారు కళ్లకద్దుకుని తిన్నారు. ఆ పాపం ఏ దేవుడి ఖాతాలో పడిందో తెలియదు.

అదే రోజుల్లో వాళ్లమ్మగారు పాలకొల్లు నుంచి వచ్చారు. చిన్నప్పుడు రెండేళ్లు సంగీతం నేర్చుకున్న మనిషి. మూర్తి గదిలో సాధన చేస్తుంటే కూర తరుగుతూ విని, “ఏరా అబ్బాయ్, కల్యాణి అందుకుని గమకం పెట్టకుండా ఉత్తినే పరిగెడతావేం?” అన్నారు.

“కల్యాణి కాదమ్మా. ఇది... లిడియన్.”

“లిడియా ఎవర్రా? ఆఫీసులో అమ్మాయా?”

వంటింట్లో మిక్సీ ఆగిపోయింది. లిడియన్ అంటే అమ్మాయి కాదు, స్వరాల వరస అని ఇల్లాలికి నమ్మకం కుదిరేసరికి పొద్దుపోయింది. ఆ మాటకొస్తే అత్తగారి మాటా తప్పు కాదు. ప్రతిమధ్యమం పడ్డ ఆ ఏడు స్వరాలే మనకు కల్యాణి, వాళ్లకు లిడియన్. సాట్రియాని 1989లో ‘ఫ్లయింగ్ ఇన్ ఎ బ్లూ డ్రీమ్’ అల్లుకున్నది ఆ వరస మీదే. నాలుగేళ్లు, నలభై వేలు పోసి ఆన్‌లైన్‌లో నేర్చుకున్నది తల్లి ఉల్లిపాయలు తరుగుతూ చెప్పేసిందని మూర్తి రెండు రోజులు గిటారు ముట్టలేదు.

రెండోది స్టీవ్ వాయ్ అవతారం. ఈ వాయ్ కుర్రతనంలో సాట్రియాని దగ్గరే పాఠాలు నేర్చుకున్నాడు. తర్వాత ఫ్రాంక్ జప్పా వాయించిన సోలోలను స్వరం స్వరం కాగితం మీద ఎక్కించి, ఆ పనితనంతోనే ఆయన బృందంలో చేరాడు. 1987లో వాయ్ కోసం ఐబనీజ్ కంపెనీ చేసిన గిటారుకు ఒంట్లో చెయ్యి దూరేంత కంత ఉంటుంది. దాన్ని ‘మంకీ గ్రిప్’ అంటారు. మనవాళ్ల వేదాంతంలో మర్కట కిశోర న్యాయం అని ఒకటుంది: పిల్లి తన పిల్లను తనే నోట కరుచుకుపోతుంది, కోతి మాత్రం పిల్లను పట్టుకోదు, పిల్లే తల్లిని కరుచుకుంటుంది. మూర్తి కోతిపిల్ల. గురువు ఏ కొమ్మ మీద దూకినా వదలడు. ఆ కంత గిటారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. గిటారు పాతదైనా వాయిదాలు కొత్తవే.

ఇక్కడ ఆయనకు తట్టని విషయం ఒకటుంది. సాట్రియాని దగ్గర వాయ్ నేర్చుకున్నాడు, మెటాలికా బృందం గిటారిస్టు కర్క్ హామెట్ నేర్చుకున్నాడు. ముగ్గురిలో ఎవరి వాయింపూ ఇంకొకరిలా ఉండదు. ఒక్క పంతులు దగ్గర దిద్దినా ఎవరి చేతిరాత వాళ్లది. మన మూర్తి ముగ్గురి చేతిరాతనూ ఒకే కాపీ పుస్తకంలో దిద్దుతున్నాడు.

చేతిలో లేనిది సామానులో ఉంటుందనేది ఈ జాతి నమ్మకం. పెడల్ మీద పెడల్ కొంటారు. ఒకటి గొంతు బొంగురు చేస్తుంది, ఒకటి ప్రతిధ్వని ఇస్తుంది, ఒకటి ఏం చేస్తుందో కొన్నవాడికీ తెలియదు. లింక్ రే తన యాంప్ స్పీకర్‌కు పెన్సిల్‌తో కంతలు పొడిస్తే ఆ గరగర నాదం పుట్టిందని చదివి, మూర్తి కూడా హెచ్‌బీ పెన్సిల్ చెక్కాడు. లింక్ రే పొడిస్తే చరిత్ర అయింది. మూర్తి పొడిస్తే వారంటీ పోయింది.

తర్వాత టోనీ అయోమీ కథ పట్టుకున్నాడు. బ్లాక్ సబ్బత్ గిటారిస్టు. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పదిహేడేళ్ల వయసులో, పని మానేసే చివరి రోజునే, యంత్రం కింద పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, నొప్పి పుట్టకుండా పల్చటి తీగలు వేసుకున్నాడు. ఆ అవస్థలోంచే ఆ బరువైన నాదం వచ్చింది. ఈ కథ చెప్పి మూర్తి తన వేళ్లకేసి అదోలా చూసుకున్నాడట. ఆ వారమంతా వాళ్లింట్లో కత్తిపీట అటకెక్కింది.

జెఫ్ బెక్ అవతారం కాస్త శాంతమైనది. బెక్ ఎనభైలలో పిక్ పారేసి, బొటనవేలు, వేళ్లతోనే మీటడం మొదలెట్టాడు. చిటికెన వేలు వాల్యూమ్ నాబ్ మీద, అరచెయ్యి స్వరాన్ని వంచే వామీ బార్ మీద. గిటారు మనిషిలా నిట్టూర్చేది. మూర్తీ పిక్ పారేశాడు. బెక్‌కు పాత కార్లు విప్పి బిగించుకోవడం సరదా అని తెలిసి, ఆదివారం పూట ఇల్లాలి స్కూటీ విప్పాడు. బిగించింది మాత్రం సందు చివర మెకానిక్.

ఇంత తపస్సు తర్వాత మాదాపూర్‌లో ఒక పబ్‌లో బుధవారం రాత్రి అవకాశం వచ్చింది. జనం లేని వారమని ఇచ్చారు. నేనూ వెళ్లాను. నాలుగు పాటలయ్యాక ముందు టేబుల్ కుర్రాడు జాలిగా అడిగాడు: “అన్నా, సింగర్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడా?” మూర్తి చలించలేదు. అజ్ఞానిని క్షమించడం కళాకారుడి లక్షణం. ఆఖర్న ఒక జ్ఞాని వచ్చి కౌగిలించుకుని, “అచ్చం స్టీవ్ వాయ్ బ్రో!” అన్నాడు. ఆ రాత్రి కారులో కూకట్‌పల్లి దాకా మూర్తి నోరు విప్పలేదు.

కొడుకు మొహం చూడలేక అమ్మగారే కదిపారు. “మా ఊరి పిల్లాడు శ్రీనివాస్ ఏం చేశాడు మరి?” మాండలిన్ ఉప్పలపు శ్రీనివాస్ పాలకొల్లులో పుట్టినవాడే. మాండలిన్ మీద కర్ణాటక సంగీతమా అని పెద్దలు పెదవి విరిచే రోజుల్లో ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కచేరీలకెక్కాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో వాయించేనాటికి పట్టుమని పదేళ్లు లేవు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. చూసి కాపీ కొట్టడానికి ముందు వేళ్లే లేవు, గొంతు తప్ప.

“పాడిందే వాయించాడ్రా. నువ్వూ పాడు” అన్నారావిడ. మూర్తికి జ్ఞానోదయమైంది. మర్నాటి నుంచి నాలుగు నెలలు అచ్చం మాండలిన్ శ్రీనివాస్‌లా వాయించాడు.

నేను మాత్రం ఏం చెప్పగలను? ఎక్కడో చదివిన బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ కథ చెప్పాను. ఆయనకు మేనమామ వరసయ్యే బుక్కా వైట్ వేలికి గొట్టం తొడుక్కుని తీగ మీద జార్చేవాడు. ఆ వాయింపు కింగ్‌కు ఎంత చేసినా రాలేదు. రాక, వట్టి వేలినే తీగ మీద వణికించాడు. లోకం ఆయన్ని గుర్తుపట్టేది ఆ వణుకుతోనే. “కాపీ కుదరని చోట మనిషి మిగిలాడన్నమాట” అన్నాను. మూర్తి శ్రద్ధగా విని, “నా కాపీలన్నీ... కుదిరిపోతున్నాయన్నా” అన్నాడు. మాట నిజమే. కష్టజీవి.

మొన్న ఆదివారం వాళ్ల అయిదేళ్ల పాప మా ఇంట్లో బొమ్మలకు రంగులు వేస్తోంది. గోడ అవతల సాట్రియాని పాటొకటి మొదలైంది. నాకు రికార్డుకీ మూర్తికీ తేడా ఎప్పుడూ తెలియదు. “అది ఫోనా, మీ నాన్నా?” అన్నాను.

“నాన్న, పెదనాన్నా” అంది తల ఎత్తకుండా.

“ఎలా తెలిసింది?”

“ఫోన్లో ఆయన ఆగడు. నాన్న ఆగుతాడు. మాట్లాడేటప్పుడు ఆగుతాడుగా, అలాగ.”

చెవి గోడకు ఆనించాను. రెండు స్వరాలు చకచకా వచ్చాయి. మూడోది దిగవలసిన చోట ఆవగింజంత సేపు నిలబడింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. లోపలికి వచ్చింది. అవతారాలన్నిట్లోనూ, గుండులోనూ, కంత గిటారులోనూ మారని పాలకొల్లు మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు. ఎక్సెల్ షీటులో ఒకటో నంబరు లోపంగా.

ఉండబట్టలేక వెళ్లి చెప్పేశాను. తప్పు నాదే. మూర్తి కళ్లు చెమర్చాయి. పాపను ఎత్తుకున్నాడు, నా కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. మర్నాడు షీటు మార్చాడు. మెట్రోనోమ్ మళ్లీ పెట్టాడు, ఈసారి ఆగడం సాధన చేయడానికి. వారం రోజులు గోడ అవతల ఒకటే చప్పుడు: రెండు స్వరాలు, కొలిచిన ఖాళీ, మూడో స్వరం. టికెట్ కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డట్టుంది.

నిన్న రాత్రి పదింటికి తలుపు చప్పుడు. మొహం వడిలిపోయి ఉంది. షీటు ఫోన్లో చూపించాడు. ఒకటో నంబరు: ‘ఆగుడు సహజంగా లేదు. తీవ్రత: ఎక్కువ.’

“ఎంత చేసినా అది మాత్రం... రావడం లేదన్నా” అన్నాడు.

వచ్చిందని నేను చెప్పలేదు. చెబితే దాన్నీ సాధన చేస్తాడు.