మనవరాలితో డ్యూయెట్

మా నెల్లూరు జిల్లా మైపాడు తీరంలో ఏ ఇంటి ముందైనా పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి పందిరి వేసి చూడండి. ఎవరో ఒకరు చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ కొడతారు. తాళి చేతికి తీసుకునేలోపు ఐసీడీఎస్ సూపర్‌వైజరు, మహిళా పోలీసు, ఎస్సై వరసగా దిగుతారు. పిల్ల ఆధార్ కార్డు తీయమంటారు. పెళ్లికొడుక్కి యాభై ఆరేళ్లని తెలిస్తే పందిట్లోంచే జీపెక్కిస్తారు. అదే జంటను వెండితెర మీద నిలబెట్టి, వెనక నుంచి వయొలిన్లు వాయిస్తే చాలు, అదే ఊరు టిక్కెట్టు కొని, కాగితాలు చించి ఎగరేస్తుంది. చట్టానికి హాల్లోకి టిక్కెట్టు దొరకదు కాబోలు.

ఊరికే అనడం లేదు, లెక్క చూడండి. 1972లో వచ్చిన ‘బడిపంతులు’లో ఎన్టీ రామారావుకు మనవరాలుగా వేసిన పాప శ్రీదేవి. పుట్టింది 1963 ఆగస్టు 13న. ఆ సినిమా తీసిన పి. చంద్రశేఖరరెడ్డి మా నెల్లూరు జిల్లా మనిషే కాబట్టి సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. 1979 జూలైలో ‘వేటగాడు’ విడుదలైంది. హీరో ఆ తాతగారే, వయసు 56. హీరోయిన్ ఆ మనవరాలే, పదహారు ఇంకా నిండలేదు. ఏడేళ్లలో పిల్ల ఏడేళ్లే పెరిగింది. తాతగారు మాత్రం ముప్పై ఏళ్లు తగ్గారు. ఏ ఆయుర్వేదానికీ చేతకాని వైద్యం మన మేకప్ గదిలో ఉంది.

ఈ వైద్యం ఆడవాళ్ల మీద పనిచేయదు, అదే దాని ప్రత్యేకత. మా నెల్లూరు ఆడబిడ్డ వాణిశ్రీ 1948లో పుట్టారు. 1971లో ‘ప్రేమనగర్’లో అక్కినేనికి ప్రేయసి. పదేళ్ల తర్వాత ‘ప్రేమాభిషేకం’ వచ్చేసరికి అక్కినేనికి 56, అప్పటికీ ప్రేమికుడే. ప్రేయసి స్థానంలోకి పదిహేడేళ్ల శ్రీదేవి వచ్చింది. మనం కన్నీళ్లతో ఏడాదిపాటు ఆడించాం. 1989లో వాణిశ్రీ మళ్లీ తెరమీదికొస్తే ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’లో అత్తను చేశాం. అప్పటికి ఆవిడకు నలభై ఒకటి కూడా నిండలేదు. అల్లుడు చిరంజీవికి 33.

ఈ మాట ఎత్తితే చాలు, అభిమాని మీసం దువ్వుతాడు. “ఏందన్నా, అప్పట్లో అదంతే!”

అప్పట్లో అంటే ఎప్పట్లో అబ్బయ్యా? ఆడపిల్ల పెళ్లి వయసు 18 అని 1978లోనే పార్లమెంటు చట్టం సవరించింది, అక్టోబరు 1 నుంచి అమలు. ‘పదహారేళ్ల వయసు’ సరిగ్గా అంతకు నెల ముందు, ఆగస్టు 31న విడుదలైంది. పోస్టరు మీద పదహారు. పోస్టర్లోని శ్రీదేవికి పదిహేను నిండి పద్దెనిమిది రోజులు. ‘వేటగాడు’ వచ్చింది ఆ చట్టం అమల్లోకి వచ్చాకే.

“పెద్దదానిలా కనపడేది కదన్నా.” కనపడలేదు, కనపడేట్టు చేశారు. అందుకు కాస్ట్యూమ్స్ డిపార్ట్‌మెంట్ వేరే ఉంది.

“పెద్దవాళ్లు ఒప్పుకున్నారు కదన్నా.” ‘కన్యాశుల్కం’ నాటకంలో ముసలి లుబ్ధావధాన్లుతో కూతురు సుబ్బి పెళ్లికి అగ్నిహోత్రావధాన్లు కూడా ఒప్పుకున్నాడు. ఆ నాటకం చూసి లుబ్ధావధాన్లును 1892 నుంచీ ఛీకొడుతున్నాం. 1955లో దాన్ని సినిమాగా తీస్తే గిరీశం వేషం వేసింది రామారావే. పాపం, లుబ్ధావధాన్లు చేసిన తప్పల్లా ఒకటే. విగ్గు పెట్టుకోలేదు, ఊటీ వెళ్లి స్టెప్పులేయలేదు. ఆ రెండూ చేసుంటే శతదినోత్సవం జరిపేవాళ్లం.

ఇదంతా పాతకథ అంటారా? 2021లో మన సముద్రం ఒడ్డు ప్రేమకథగా వచ్చిన ‘ఉప్పెన’ నాయికకు విడుదల నాటికి పద్దెనిమిది నిండలేదు. అప్పుడూ మనం వసూళ్లే లెక్కపెట్టాం. ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతానికి 18 నిండకముందే పెళ్లయిపోయిందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. సినిమా చూసి పెళ్లిళ్లు చేశారని అనను. తెరమీదైనా వీధిలోనైనా ఆడపిల్లను చూసే కన్ను ఒకటేనని మాత్రం అంటాను.

తప్పు ఆ పిల్లలది కాదు. శ్రీదేవిలా నాలుగేళ్లప్పుడే కెమెరా ముందుకొచ్చిన పిల్ల ఏ కాగితం మీద ఏం సంతకం పెడుతుంది? రక్షించాల్సిన నిబంధనలూ వింతగానే ఉన్నాయి. 14 లోపు బాలనటులను రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయించకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేర బ్యాంకులో వేయాలి. పద్నాలుగు నిండాయా, ఆ గొడుగు మూసేస్తారు. సరిగ్గా అప్పుడే నిర్మాత హీరోయిన్ అవకాశంతో తలుపు తడతాడు. తెరమీద గుర్రం పరుగెత్తాలంటే జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి. పదహారేళ్ల పిల్ల వానపాటలో తడవాలంటే డాన్స్ మాస్టారి అనుమతి చాలు.

నిర్మాతలకు ఒక్క మనవి. సినిమాకు ముందు పొగాకు హెచ్చరిక ఎలాగూ వేస్తున్నారు. దాని కిందే షూటింగ్ మొదలైననాటి హీరో వయసు, హీరోయిన్ వయసు పక్కపక్కన అంకెల్లో వేయండి. వేయడానికి సిగ్గనిపిస్తే ఆ డ్యూయెట్ తీయకండి. అభిమానులారా, మీకూ ఒక మాట. ఈసారి హీరోయిన్ వయసు గురించి గొడవొస్తే గూగుల్లో ముందు హీరో పుట్టిన తేదీ వెతకండి. ముద్దాయి అక్కడ దొరుకుతాడు.