బాఖ్ గారి సర్వీస్ రిజిస్టర్

టెక్సాస్‌లో డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో నేర్చుకోవాలంటే ముందు బీథోవెన్ తెలియాలి. ఇది నా అభిప్రాయం కాదు, ఆ రాష్ట్రం పెట్టిన నియమం. అక్కడి ప్రభుత్వ కాలేజీల్లో ఎవరు డిగ్రీ చదివినా 42 క్రెడిట్ల ఉమ్మడి పాఠాలు పూర్తి చెయ్యాలి. అందులో 3 క్రెడిట్లు కళలవి. నేను హెచ్-4 వీసా మీద ఫ్రిస్కోలో ఇల్లు చూసుకుంటూ, ఊరికే కూచోలేక అకౌంటింగ్‌లో చేరినదాన్ని. బొమ్మల కోర్సుకి కళ్లు అప్పగించాలి, నాటకానికి మనుషుల్లోకి వెళ్లాలి, సంగీతమైతే చెవులు చాలు, చేతులు వంటింట్లోనే ఉంచుకోవచ్చని మా అపార్ట్‌మెంట్లో అప్పటికే ఈ గండం గట్టెక్కిన ఒకావిడ చెప్పింది. "మ్యూజిక్ అప్రిసియేషన్, ఆన్‌లైన్" అన్నచోట టిక్కు పెట్టేశాను.

ఆన్‌లైన్ కోర్సులో ప్రొఫెసరుగారు ఎక్కడుంటారో తెలీదు. వీడియోలు ఎప్పుడో తీసినవి. ఒకదాంట్లో ఆయన వెనక క్రిస్మస్ చెట్టు ఉంటుంది, దాని తరవాతి దాంట్లో ఆయనకి చెమటలు పడుతుంటాయి. వారం వారం లిజనింగ్ లాగ్ అని ఒకటి రాయాలి. ఏం విన్నారు, ఏ వాద్యాలున్నాయి, లయ ఎలా నడిచింది, వింటుంటే మనసుకి ఏమనిపించింది. ఆ చివరిదానికి కనీసం 250 మాటలు. మా ఇళ్లల్లో పాట నచ్చితే తల ఊపుతారు. బాగా నచ్చితే "అబ్బా" అంటారు. మరీ నచ్చితే కళ్లు తుడుచుకుంటారు. 250 మాటల దాకా నచ్చిన పాట మా వంశంలో లేదు.

ఇది చాలదన్నట్టు డిస్కషన్. వారం మధ్యలో మన ముక్క మనం పెట్టాలి, ఆదివారం లోపల ఇద్దరు తోటి విద్యార్థులకి జవాబులివ్వాలి. నా తోటివాళ్లంతా నిన్నమొన్న హైస్కూలు దాటిన పిల్లలు. వాళ్లు నాకూ నేను వాళ్లకీ "మీ పరిశీలన చాలా బాగుంది, నేనీ కోణంలో ఆలోచించలేదు" అని రాసుకునేవాళ్లం. సెమిస్టరంతా ఎవరమూ ఏ కోణంలోనూ ఆలోచించలేదని దీన్నిబట్టి తేలుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మావయ్యగారు విజయనగరం నుంచి దిగారు. కలెక్టరేట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్‌గా రిటైరైన మనిషి. జిల్లాలో ఏ గుమాస్తాకి ఎంత సెలవు నిలవుందో ఆ గుమాస్తా కన్నా ముందు ఈయనకే తెలిసేదట. అత్తయ్యగారు మా ఆడపడుచు పురిటికని బెంగుళూరులో ఆగిపోవడంతో ఒక్కరే వచ్చారు. టెక్సాస్ ఎండాకాలంలో సాయంత్రం ఏడింటికి కూడా గడప దాటలేం. పేపరు రాదు, పక్కింటివాళ్లు పలకరించరు. కొద్దిరోజులకే కుర్చీ లాక్కుని నా లాప్‌టాప్ పక్కన సెటిలయ్యారు.

సంగీతం గురించి తమకి ఇంకొకళ్లు చెప్పక్కర్లేదని విజయనగరం వాళ్ల గట్టి నమ్మకం. నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, తరవాత ఆ కుర్చీలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు, చదువుకున్నవాళ్లలో ఘంటసాల. ఆ ఊళ్లో పుట్టడమే ఒక డిప్లొమా అన్నట్టుంటారు. మొదట మోజార్ట్‌ని వినిపిస్తే, "మేజర్ స్కేలంటే మన శంకరాభరణమే కదమ్మా, దీనికి ఫీజెంత కట్టేవేటి?" అన్నారు. మైనర్‌లో ఒక రకం వినిపిస్తే "కీరవాణి" అన్నారు. "ఆస్కార్ వచ్చినాయనా?" అని పక్కగదిలోంచి మా ఆయన కేకేశాడు.

అంత పెద్దమనిషిని కదిలించింది చివరికి బాఖ్ పాట కాదు, బాఖ్ సెలవు.

1705లో బాఖ్‌కి ఇరవయ్యేళ్లు. ఆర్న్‌స్టాట్ అనే ఊరి చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగం. దూరాన ల్యూబెక్‌లో బుక్స్‌టెహూడె అనే పెద్దాయన అద్భుతంగా వాయిస్తాడని విని, నాలుగు వారాలు సెలవు పెట్టి, దాదాపు 400 కిలోమీటర్లు కాలినడకన వెళ్లాడు. నాలుగు నెలలు పోయాక తీరిగ్గా తిరిగొచ్చాడు. ప్రొఫెసరుగారు ఇంతవరకు చెప్పేసరికి మావయ్యగారు కుర్చీలో నిటారుగా అయ్యారు.

"ఆపమ్మా, ఆపు. సెలవు పొడిగింపుకి అర్జీ పెట్టేడా?"

"లేదనుకుంటానండీ."

"పోనీ టెలిగ్రాం?"

"1705 మావయ్యగారూ."

"అయితే అది అనధికార గైర్హాజరు. చార్జిమెమో ఇచ్చేరా లేదా?"

ఇచ్చారు! 1706 ఫిబ్రవరిలో చర్చి పెద్దలు పిలిపించి సంజాయిషీ అడిగారు. ఆ విచారణ మినిట్స్ ఇప్పటికీ ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎక్కడున్నావంటే, విద్య కోసం వెళ్లాను, ముందే చెప్పి వెళ్లాను అన్నాడు. నువ్వడిగింది నాలుగు వారాలు, ఉన్నది దానికి నాలుగింతలు అన్నారు వాళ్లు. నా బదులు వాయించడానికి మనిషిని పెట్టే వెళ్లాను, పనేమీ ఆగి ఉండదనుకుంటాను అన్నాడు.

"ఇన్‌చార్జి ఏర్పాటు చేసే కదిలేడన్నమాట!" మావయ్యగారి మొహం వెలిగిపోయింది. "ఘటికుడు. ఆ పాయింటు మీద కేసు నిలబడదు."

అదే విచారణలో ఇంకో అభియోగం కూడా ఉంది. భక్తులు పాడుతుంటే వింత వింత స్వరాలు కలిపి వాళ్లని తికమక పెడుతున్నాడని. "అది టెక్నికల్ మేటర్, మన సెక్షన్‌కి రాదు" అని ఆయన పక్కన పెట్టేశారు.

ఆర్న్‌స్టాట్ నుంచి కాలక్రమాన వైమార్ చేరిన బాఖ్‌కి కోథెన్ రాజు ఇంకా మంచి ఉద్యోగం ఇస్తానన్నాడు. వెళ్లిపోతానని బాఖ్ పట్టుబట్టాడు. వైమార్ డ్యూక్ రిలీవ్ చెయ్యకపోగా 1717 నవంబరులో ఖైదులో పెట్టించి, డిసెంబరు 2 దాకా ఉంచి, అప్పుడు తీసిపారేశాడు. "ఎల్.పి.సి., అదే, లాస్ట్ పే సర్టిఫికెట్ ఇచ్చేడా?" అని మావయ్యగారు అడుగుతుండగా మా ఆయన హెడ్‌సెట్ మెడలో వేసుకుని బయటికొచ్చాడు. కొత్త కంపెనీ హెచ్-1బి కాగితాలు వేసింది, పాత మేనేజరుకి ఎలా చెప్పాలా అని మథనపడుతున్న రోజులవి. "నోటీస్ పీరియడ్ ఎంతట?" అన్నాడు. జైలు సంగతి వినగానే గ్లాసుడు మంచినీళ్లు తాగి మారు మాట్లాడకుండా లోపలికి పోయాడు.

ఆ వారం లాగ్‌లో ఇదంతా పూసగుచ్చినట్టు రాశాను. ప్రొఫెసరుగారు మెచ్చుకుంటూనే చివర్న ఒక ప్రశ్న వేశారు: మరి పాట విన్నారా?

విన్నాం. అది ఫ్యూగ్. ఫ్యూగ్ అంటే పెళ్లింట్లో పెద్దమ్మల ముచ్చట. ఒకావిడ కందిపప్పు ధర ఎత్తుకుని సగంలో ఉండగానే రెండో ఆవిడ అదే ధరని ఇంకో శ్రుతిలో ఎత్తుకుంటుంది. మొదటావిడ ఆగదు, మాట తిప్పుకుని తన దారిన సాగుతుంది. ఈలోగా మూడో ఆవిడ కింది గొంతుతో దిగుతుంది. ముగ్గురూ ఏకకాలంలో మాట్లాడతారు, ఒక్కరి మాట ఒక్కరికి అడ్డు రాదు. ఇబ్బందల్లా వినేవాళ్లకే. మన కచేరీలో వయొలిన్ గాయకుడి వెంట నడుస్తుంది కాబట్టి ఒక్క గొంతు పట్టుకుంటే చాలు. ఇక్కడ ఒకదాని వెంట వెళ్తే రెండోది చెయ్యి జారుతుంది. మేమిద్దరం గొంతులు పంచుకున్నాం. పైది నాది, కిందది ఆయనది. మధ్యది ఎవరికీ దక్కలేదు.

డిస్కషన్‌లో ఒక్కసారే నా పరపతి పెరిగింది. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బాణీలకి సంస్కృతంలో నొట్టు స్వరాలు రాశారని, బ్రిటిష్ రాజుగారిని దేవుడు కాపాడాలని పాడే పాట వరసలోనే 'సంతతం పాహిమాం' అని అమ్మవారిని కాపాడమన్నారని రాశాను. అది మా దేశభక్తి గీతం వరస కదా అని అమెరికా పిల్లలు ఎగబడ్డారు. నిజమే, 1831లో వాళ్లూ ఆ వరసలోనే మాటలు పెట్టుకున్నారు. "ఒక్క పోస్టుకి ముగ్గురు క్లెయిమెంట్లు. సీనియారిటీ లిస్టు తియ్యాల" అన్నారు మావయ్యగారు.

అప్పటికి ఇల్లంతా ఈ ధోరణిలో పడిపోయింది. 1781లో మోజార్ట్‌ని సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్ కొలువు నుంచి వదిలించేటప్పుడు కౌంట్ ఆర్కో అనే అధికారి వెనకనుంచి ఒక తన్ను తన్నాడని చదివితే, "ఏ రూలు కింద?" అని వచ్చింది ప్రశ్న. బీథోవెన్‌ది మరీ మా ఆయన గుండెకి దగ్గర కథ. కాసెల్‌లో నెపోలియన్ తమ్ముడి దర్బారు నుంచి పిలుపొస్తే, వియన్నా విడిచి వెళ్లకుండా ఉంటే చాలని 1809లో ముగ్గురు ప్రభువులు కలిసి ఏడాదికి 4,000 ఫ్లోరిన్లు రాసిచ్చారు. కౌంటర్ ఆఫర్! పని చెయ్యాలన్న షరతే లేదు. మా ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు. 1811లో ప్రభుత్వం కరెన్సీ విలువ కోసేసింది. మరుసటేడు ముగ్గురిలో ఒకాయన గుర్రం మీంచి పడి పోయాడు, ఇంకొకాయన దివాళా బాట పట్టాడు, బీథోవెన్ బకాయిల కోసం కోర్టుకెక్కాడు. "డి.ఎ. లేని జీతం అలగే ఉంటాది" అని మావయ్యగారు తేల్చేశారు. త్యాగయ్యగారు బీథోవెన్ కన్నా మూడేళ్లే పెద్ద కదా, ఆయన మాటేమిటని నేనడిగాను. "ఆయన రాజుగారి కొలువే వద్దన్నాడమ్మా. సర్వీస్ రిజిస్టరే ఓపెన్ చెయ్యని మనిషి గురించి మనమేం చెప్పగలం?"

ఆ తరవాత హైడెన్ వచ్చాడు.

1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుల దగ్గర కుదిరిన హైడెన్ ఉద్యోగ ఒప్పందాన్ని మావయ్యగారు సినిమా చూసినంత ఇష్టంగా విన్నారు. తెల్ల మేజోళ్లు, జుట్టుకి పౌడరు తప్పనిసరి. రోజూ మధ్యాహ్నానికి ముందొకసారి, తరవాతొకసారి వసారాలో నిలబడి, ఇవాళ సంగీతం కావాలా అని దొరవారిని కనుక్కోవాలి. "రెండు పూటలా హాజరు!" అని ఆయన మెచ్చుకున్నారు. ప్రభువు నికొలాస్‌కి ఊరికి దూరంగా, చిత్తడినేలల్లో కట్టుకున్న ఎస్టర్‌హాజా మహలంటే ప్రాణం. వాద్యగాళ్లలో చాలామందికి పెళ్లాం పిల్లల్ని అక్కడికి తెచ్చుకునే అనుమతి లేదు. 1772లో సీజను ముగిసే వేళైనా ఆయన కదలడు. అందరూ వెళ్లి హైడెన్ దగ్గర మొరపెట్టుకున్నారు. అతను అర్జీ రాయలేదు, సింఫనీ రాశాడు. నంబరు 45.

చివరి భాగం పరుగులు పెడుతూ మొదలై, ఉన్నట్టుండి ఆగిపోతుంది. నెమ్మదైన వరస ఒకటి ఎత్తుకుంటారు. అప్పుడు మొదటి ఓబో, రెండో హార్న్ తమ ముక్క ముగించి, కొవ్వొత్తి ఆర్పి లేచి వెళ్లిపోతారు. తరవాత బాసూన్. తరవాత ఇంకో ఇద్దరు. డబుల్ బాస్, చెల్లోలు, వరసగా వయొలిన్లు. చివరికి రెండే రెండు వయొలిన్లు మిగులుతాయి. ప్రభువుకి అర్థమైంది. మర్నాడు అందరికీ సెలవు.

మావయ్యగారు తెల్లకాగితం తెచ్చి గళ్లు గీశారు. హాజరుపట్టీ. ఎవరు ఎప్పుడు వెళ్లారో వీడియో చూడకుండా, విని గుర్తు పెట్టాలని పందెం. ఇక్కడే తంటా వచ్చింది. ఓబో లేచిపోయిందని తెలియాలంటే అంతకుముందు అది ఉన్నప్పుడు దాని గొంతేదో తెలిసుండాలి. మళ్లీ మొదటికి వెళ్లాం. ముక్కుతో పాడినట్టుండేది ఓబో. కింద గురగురలాడేది బాసూన్. హార్న్ ఎప్పుడూ పక్కవీధిలోంచి వస్తున్నట్టే ఉంటుంది. డబుల్ బాస్‌ని మాత్రం ఉన్నంతసేపూ ఇద్దరం పట్టుకోలేకపోయాం. అది వెళ్లిన క్షణాన మావయ్యగారు చెయ్యెత్తారు. "కింద ఏదో లేదమ్మా" అన్నారు. వంద పేజీల పాఠ్యపుస్తకం చెయ్యలేని పని ఆ హాజరుపట్టీ చేసింది. "నా సర్వీసులో ఇంత శుభ్రమైన లీవ్ లెటర్ చూళ్లేదు. బతిమాలడం లేదు, ఎదిరించడం లేదు" అని ఆయన హైడెన్‌కి సర్టిఫికెట్ ఇచ్చేశారు. శుక్రవారం సాయంత్రాలు టీమ్ కాల్‌లో కెమెరాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే మా ఆయన "హైడెన్" అని గొణుక్కుంటున్నాడు, మ్యూట్‌లో.

ఫైనల్ పరీక్ష వెబ్‌క్యామ్ ముందు. ముప్పై సెకన్ల ముక్క వినిపిస్తారు, ఎవరిదో, ఏ వాద్యమో, లెక్క రెండేసా మూడేసా చెప్పాలి. లెక్కంటే నా చెయ్యి దానంతటది తొడమీద పడింది. దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు. రెండో రోజు ప్రొఫెసరుగారి మెయిల్. నేను పదేపదే కిందికి చూశాననీ, బల్ల కింద చెయ్యి అనుమానాస్పదంగా కదిలిందనీ సాఫ్ట్‌వేర్ ఎర్రజెండా ఎగరేసింది, వివరణ ఇవ్వగలరా?

"మెమో!" అన్నారు మావయ్యగారు. రిటైరయ్యాక ఆయన్ని అంత ఆనందంగా ఎవరూ చూసి ఉండరు. విషయం, సూచిక, జతపరచినవి అన్న వరసలో పేజీన్నర డిక్టేట్ చేశారు. చేతి కదలిక తాళమనీ, దాచిన చీటీ కాదనీ మొదటి పేరా. విద్య కోసం చేసినదాన్ని క్రమశిక్షణా రాహిత్యంగా చూడటం 1706లోనూ జరిగిందని, ఆ అభ్యర్థి పేరు బాఖ్ అని రెండో పేరా. జతపరచినది ఒక వీడియో. అందులో ఆయన పంచె కట్టుకుని, సోఫాలో పద్మాసనం వేసుకుని, ఆదితాళం, రూపకం వేసి చూపిస్తారు.

సాయంత్రానికి జవాబొచ్చింది. జెండా తీసేశాం, మార్కులు అలాగే ఉంటాయి, ఆ వీడియో వచ్చే బ్యాచ్‌కి చూపించుకోవచ్చా? అనుమతి ఇవ్వడానికి మావయ్యగారు ఒక పూట టైం తీసుకున్నారు, బెట్టుగా. తరవాత మెయిళ్లన్నీ ప్రింట్ తీయించి, రంధ్రం పొడిచి, ట్యాగు కట్టి, అట్ట మీద ఎర్రసిరాతో "ఆర్.డిస్." అని రాసి పొట్టి సంతకం పెట్టారు. అంటే శాశ్వతంగా ఉంచాల్సిన ఫైలు. మూడు క్రెడిట్ల కోర్సుకి అంత అక్కర్లేదేమోనండీ అన్నాను.

"ఎల్.డిస్. వేస్తే కొన్నాళ్లకి చింపి పారేస్తారమ్మా" అన్నారు ట్యాగు ముడి బిగిస్తూ. "బాఖ్‌ది ఎవడైనా చింపేసుంటే?"