కేబీ గారి విదేశీ యానం

మన దేశంలో కిలోబైటును పలకరించే నాథుడు లేడు. రోజుకు 2 జీబీ ఇస్తే అర్ధరాత్రిలోగా అవగొట్టలేక, ఊరికే పోతుందే అని ఎప్పుడో చూసిన సినిమానే మళ్లీ పెట్టుకుని గుర్రుకొట్టి నిద్రపోయేవాళ్లున్నారు. అదే కిలోబైటు శంషాబాద్‌లో విమానమెక్కి సింగపూర్‌లో దిగిందా, ఇక దాని దర్జా చెప్పనలవి కాదు. బస్తాల్లెక్కన బియ్యం అమ్మే కొట్టాయన ఉన్నట్టుండి గింజలు లెక్కపెట్టడం మొదలెట్టినట్టు, జీబీలు మాయమై 10 కేబీల లెక్క మొదలవుతుంది.

ప్యాక్ వేసుకోకుండా వెళ్లినవాడి సంగతే చూడండి. కొన్ని టారిఫ్ పట్టికల్లో 10 కేబీకి ఇంత అని ఉంటుంది. మర్యాదకు రూపాయే అనుకుందాం. రూపాయేగా అనిపిస్తుంది. ఎంబీకి 100, జీబీకి లక్ష. ఊళ్లో బాబాయి గులాబీ పువ్వు మీద శుభోదయం అచ్చేసి పంపిన బొమ్మ 200 కేబీ ఉందంటే దాని ఖరీదు 20 రూపాయలు. నిజం గులాబీ అంతకంటే చవక. పైగా పెళ్లివారి గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో అదే గులాబీ. మనిషి మెర్లయన్ బొమ్మ ముందు పళ్లికిలించి ఫొటో దిగుతుంటాడు, జేబులో గులాబీలు వాటంతటవే విచ్చుకుంటుంటాయి. దిగిన ఫొటోను ఫోను భక్తిశ్రద్ధలతో బ్యాకప్ చేస్తుంది. 4 ఎంబీ, 400 రూపాయలు. నిలబడింది అర నిమిషం.

ఇదేం అన్యాయమని అడిగితే కంపెనీవారు నొచ్చుకుంటారు. "పరాయి దేశం, పరాయి టవరు. వాళ్లకు మేం కట్టుకోవద్దా?" అంటారు. కట్టుకోవాలి, కాదనం. ఆ మాటకొస్తే వాళ్ల పక్షాన నేనే ఇంకో మాట చెబుతాను. రోమింగ్‌లో ఉన్న ఫోను డేటా మామూలుగా నేరుగా ఇంటర్నెట్‌లోకి పోదు. ముందు సొంత కంపెనీ గూటికి వచ్చి, అక్కణ్నుంచి లోకం మీద పడుతుంది. సింగపూర్ సెరంగూన్ రోడ్డులో నిలబడి ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఆ ప్రశ్న సముద్రం దాటి ఇండియా వచ్చి, జవాబు పుచ్చుకుని, మళ్లీ సముద్రం దాటి వెళ్లి "పక్క సందులో" అని చెబుతుంది. (ఈ తిరుగుడులో ఒక మేలు లేకపోలేదు. చైనాలో అక్కడి సిమ్ వేసుకుంటే తెరుచుకోని గూగుల్, వాట్సాప్ మన సిమ్ రోమింగ్‌లో తెరుచుకునేది ఇందువల్లే.) అంత తిరిగొచ్చిన ప్రశ్నకు దారిఖర్చులు ఇవ్వాల్సిందే. ఎంతివ్వాలన్నదే పేచీ.

ఆ పేచీ యూరప్‌వాళ్లు ఎప్పుడో పెట్టుకున్నారు. 2007లో యూరోపియన్ యూనియన్ రోమింగ్ కాల్స్ ధరకు ముక్కుతాడు వేసింది. 2017 జూన్ 15 నుంచి, ఒక సభ్యదేశం సిమ్‌తో ఇంకో సభ్యదేశంలో తిరిగినా ఇంటి దగ్గరి ధరే తీసుకోవాలంది. అంతటితో ఆగక, కంపెనీలు ఒకదానికొకటి కట్టుకునే టోకు ధరను కూడా పట్టుకుంది. 2022లో జీబీకి 2 యూరోలు మించకూడదు, ఏటా దిగుతూ 2027కి 1 యూరో. అదండీ పరాయి టవరు అద్దె. మన లక్షకీ దీనికీ మధ్య ఉన్నది సముద్రమే అనుకోవడానికి మనసొప్పడం లేదు.

ఇక బ్రిటన్ వారి ముచ్చట మరీ బాగుంటుంది. ఆ 2017 నిబంధన వచ్చాక, యూనియన్‌లో ఉన్నన్నాళ్లు వాళ్ల సిమ్‌కు ఫ్రాన్స్‌లో అదనపు రుసుం లేదు. బయటికి వచ్చేశాక అక్కడి పెద్ద కంపెనీలు కొన్ని మళ్లీ వసూళ్లు మొదలెట్టాయి. టవరు అదే, తీగ అదే, నడుమ కాలువా అదే. అడిగేవాడు లేకుండా పోయాడు, అంతే.

అంత దూరం దేనికి? చెన్నై వెళ్లే రైల్లో తడ దాటగానే ఫోన్లు నోళ్లు మూసుకున్న రోజులు మరిచిపోయారా? ఎత్తితే మనకే డబ్బు పడుతుందని, మోగుతున్న ఫోన్ని చేతిలో పెట్టుకుని బొగ్గుకణిక వంక చూసినట్టు చూసేవాళ్లం. అప్పుడూ ఇదే జవాబు: వేరే సర్కిల్, వేరే నెట్‌వర్క్, ఖర్చవుతుంది. 2016లో జియో వచ్చి దేశంలో రోమింగ్‌కు పైసా వద్దంది. ఆ మరుసటి ఏడాదికల్లా ఎయిర్‌టెల్‌ సహా పాతకాపులకూ ఆ ఖర్చు కనబడకుండా పోయింది. ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. 2014లో రాష్ట్రం రెండైనా టెలికాం సర్కిల్‌ని ఎవరూ కోయలేదు కాబట్టి బతికిపోయాం. కోసి ఉంటే ఆ రోజుల్లో మాచర్ల అల్లుడు మిర్యాలగూడ అత్తారింటికొచ్చి, కన్నతల్లి ఫోన్ ఎత్తినందుకు రోమింగ్ కట్టుకునేవాడు.

ప్యాకులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 12 రోజుల టూరుకు 10 రోజుల ప్యాక్ దొరుకుతుంది. మిగిలిన రెండు రోజులకు ఇంకోటి కొనాలి, లేదా ఆ రెండు రోజులూ రుషిలా బతకాలి. మీరు వెళ్లే దేశాల్లో ఒకటి జాబితాలో ఉండదు. విమానంలో వాడుకోవడానికి చాలాసార్లు వేరే ప్యాక్. ఆకాశం ఏ దేశం కిందికీ రాదు కాబోలు.

అసలు దెబ్బ కొట్టింది ఈ-సిమ్ అమ్మేవాళ్లు. వాళ్లలో చాలామందికి టవరు లేదు, తీగ లేదు. ఆ పరాయి టవర్ల దగ్గరే టోకున డేటా కొని, లాభం వేసుకుని, యాప్‌లో జీబీని కొద్దిపాటి డాలర్లకు అమ్ముతున్నారు. ఏమీ లేనివాడికి గిట్టుబాటైన బేరం, లక్షల టవర్లున్నవాడికి గిట్టట్లేదట!

మరైతే అందరూ ఈ-సిమ్‌కే పోవచ్చుగా? పోవచ్చు. డల్లాస్‌లో కొడుకు దగ్గరికి ఆరు నెలలకని వెళ్లిన రిటైర్డ్ హెడ్మాస్టారు కూడా పోదామనే కూర్చున్నారు. కార్డు నంబరు కొట్టారు. బ్యాంకు ఓటీపీ పంపానంది. అది వచ్చేది ఇండియా నంబరుకు. ఆ ఎస్సెమ్మెస్ అందుకోవడానికి సాధారణంగా డబ్బేం పడదు, కాకపోతే రోమింగ్ సేవ తెరిచి ఉండాలి. తెరిచారు. ఓటీపీ వచ్చింది, ఈ-సిమ్ వచ్చింది. పింఛను ఖాతా ఓటీపీలు కూడా ఆ నంబరుకే గనక తలుపు తెరిచే ఉంచారు. అదే తలుపులోంచి కాల్స్ కూడా వస్తాయి, ఎత్తితే నిమిషానికింత. మన దగ్గర పగలు 11 గంటలు, వేసవి కదా, అక్కడ అర్ధరాత్రి 12.30. ఫోను మోగితే ఊళ్లో ఎవరికేమైందోనని మాస్టారు గాభరాగా ఎత్తారు.

"సార్, మీకు పర్సనల్ లోన్ అప్రూవ్ అయింది. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"