పదమూడు దాటితే కుర్చీ లేదు

నవంబర్ మొదటి వారంలో మా ఊరి గ్రంథాలయం నుంచి ఫోనొచ్చింది. ఏడాదిలో మిగతా మూడొందల యాభై ఎనిమిది రోజులూ అది నన్ను పట్టించుకోదు, నేను దాన్ని పట్టించుకోను. కాపురం సాఫీగానే సాగుతోంది. నవంబర్ 14 నుంచి 20 దాకా మాత్రం జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు కనక ఒకరికొకరం గుర్తొస్తాం.

"ఈసారి టీనేజర్లకి స్పెషల్‌గా కార్యక్రమాలు పెడుతున్నాం సార్. తమరు జడ్జిగా రావాలి" అన్నారు లైబ్రేరియన్ గారు.

"ఏం కార్యక్రమాలండీ?"

"వ్యాసరచన సార్. అంశం, సెల్‌ఫోన్ వ్యసనం – పుస్తక పఠనం."

"పోయినేడు ఏం పెట్టారు?"

"పోయినేడు పుస్తక పఠనం – సెల్‌ఫోన్ వ్యసనం పెట్టాం సార్."

కొత్తదనం కోసం తపించే మనిషి. కాదనలేకపోయాను.

పిల్లలకి కాలేజీలో తీరిక ఉండదని వ్యాసాలు ఇంటి దగ్గరే రాసి తెమ్మన్నారట. మొత్తం నలభై మూడు వచ్చాయి. అందులో నలభై, చిరిగిన చొక్కా తొడుక్కున్నా మంచి పుస్తకం కొనుక్కో అన్న సూక్తితోనే మొదలయ్యాయి. ఆ మాట కందుకూరి వారిదని ఇరవై రెండు మంది, వివేకానందుడిదని పదకొండు మంది, అబ్దుల్ కలాం గారిదని ఏడుగురు తేల్చారు. మెజారిటీ తీర్పును గౌరవించి ముందుకెళ్లాను. ఒక్క వ్యాసం దగ్గర మాత్రం ఆగిపోయాను. భాష గంభీరం, పేరాలు కొలత పెట్టి కోసినట్టున్నాయి. సెల్‌ఫోన్ యువతని ఎలా సోమరుల్ని చేస్తోందో, సొంతంగా ఆలోచించే శక్తిని ఎలా మింగేస్తోందో కళ్లకు కట్టాడు. చివర్లో అదే ముత్యాల్లాంటి చేతిరాతతో, "మీకు కావాలంటే దీన్నే ఇంకా చిన్నగా, పదో తరగతి స్థాయిలో రాసి ఇవ్వగలను" అని ముగించాడు.

మొదటి బహుమతి వాడికే ఇచ్చాను. మిగతా నలభై రెండు మందికీ ఆఖరి వాక్యం కొట్టేసే తెలివి ఉంది. నిజం చెప్పినవాడు వీడొక్కడే.

పద్నాలుగో తేదీ పొద్దున తొమ్మిదిన్నరకి సభ అన్నారు. ముఖ్య అతిథి పన్నెండింపావుకి వస్తారని తెలిసినవాళ్లంతా పన్నెండుకి వచ్చారు. తెలియనివాళ్లం నేనూ, బస్సుల్లో దింపిన రెండొందల మంది పిల్లలూ. షామియానా కింద వాళ్లని వరసల్లో కూర్చోబెట్టి, "సైలెన్స్" అని పీఈటీ మాస్టారు ఈల ఊదుతున్నారు. నేను లోపలికెళ్లి చూసొద్దామని లేచాను.

ఎడమ పక్క పిల్లల విభాగం. గోడ మీద ఏనుగు, చిలక, అక్షరమాల. కుర్చీలు మూరెడెత్తు. పదిహేనేళ్ల కుర్రాడు అందులో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. కుడి పక్క పెద్దల హాలు. అక్కడ ప్రతి కుర్చీకీ ఒక నీళ్ల సీసా, ఒక చేతిరుమాలు కాపలా ఉన్నాయి. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకి చదివేవాళ్లు తలుపు తీయకముందే వచ్చి గేటు దగ్గర నిలబడతారు. పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. గ్రంథాలయం ఇచ్చేది ఫ్యాను గాలీ, నిశ్శబ్దమూ. హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లినా కనిపించేది ఇదే. వాళ్లనేమీ అనబుద్ధి కాదు. నలుగురు సర్దుకునే అద్దె గదిలో చదువు సాగదు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికైనా తెలీదు. రెండు విభాగాలకీ మధ్యలో పేపర్ల బల్ల. రిటైరైన పెద్దమనుషులు ఒక్క పేపర్ని ఆరు పాళ్లుగా విడదీసి చదువుతున్నారు. ఆస్తి పంపకంలో కూడా ఇంత న్యాయం చూడలేదు నేను. సినిమా పేజీ దగ్గర మాత్రం తగువు తెగలేదు.

లెక్క వేసుకున్నాను. పన్నెండేళ్ల దాకా ఏనుగు బొమ్మ. ఇరవై రెండు దాటాక నీళ్ల సీసా. అరవై తర్వాత పేపరు ముక్క. పదమూడు నుంచి పంతొమ్మిది దాకా మనిషి ఎక్కడ కూర్చోవాలో ఏ ఫర్నిచర్ టెండర్లోనూ రాసినట్టు లేదు.

"ఆ వయసు పిల్లలు రారు సార్" అన్నారు లైబ్రేరియన్ గారు.

"ఏం, ఎందుకు రారు?"

"కాలేజీ ఉంటుంది కదండీ."

అదీ నిజమే. గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా. ఎంపీసీ పిల్లాడు పొద్దున ఎనిమిదికి క్లాసులో ఉంటాడు, సాయంత్రం ఏడుకి స్టడీ అవర్లో ఉంటాడు. ఆదివారం టెస్టు. ఇంత పొందికగా వేళలు కలవకుండా చూడటం మనుషుల వల్ల అయ్యే పని కాదు, దైవ ఘటనే.

అయినా దారి తప్పి ఒకమ్మాయి వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరమట. సభ మొదలయ్యేలోగా షామియానాలోంచి తప్పించుకుని కౌంటర్ దగ్గర నిలబడింది.

"అంకుల్, హారర్ నవలలు ఉంటాయా?"

"హారర్ ఎందుకమ్మా, చక్కగా చదువుకునే పిల్లవి" అని ఆయన బీరువా తాళం తీసి ఒక గైడ్ చేతిలో పెట్టారు. అట్ట మీద ఎంసెట్ అని ఉంది. ఆంధ్రాలో ఆ పరీక్ష పేరు మారి ఈఏపీసెట్ అయింది 2021లో. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చేసింది. అడిగింది హారరే కదా, ఇచ్చిందీ అదే కదా అనుకున్నాను.

"మెంబర్‌షిప్ తీసుకోవచ్చా అంకుల్?"

తీసుకోవచ్చు. రెండు ఫొటోలు, ఆధార్ జిరాక్సు, డిపాజిట్టు, హామీదారు సంతకం. ఆ హామీదారు ఊళ్లో ఇంటిపన్ను కట్టే పెద్దమనిషై ఉండాలి. అమ్మాయి "థాంక్యూ అంకుల్" అంది. ఫోన్లో కథల యాప్ తెరిస్తే దయ్యం కథలు కావలసినన్ని, హామీదారు అక్కర్లేదు. సభలో ముఖ్య అతిథి తిట్టబోయేది ఆ ఫోన్నే.

ఆయన పన్నెండూ నలభైకి వచ్చారు. దీపం వెలిగించారు. వేదిక మీద మూడు ఫొటోలకి దండలు వేశారు. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఎస్.ఆర్. రంగనాథన్. ఫొటోల్లో ముగ్గురూ పెద్దవాళ్లలా ఉంటారు కాబట్టి, వాళ్లు పుట్టడమే అలా పుట్టారని పిల్లలు అనుకుంటారు. అయ్యంకి వారు పుట్టింది 1890లో. బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ మొదటిసారి జరిగింది 1914 ఏప్రిల్లో. అప్పటికి ఆయనకి ఇరవై నాలుగు నిండలేదు. ఇవాళ ఆ వయసు కుర్రాడొచ్చి పుస్తకం అడిగితే హామీదారుని తీసుకురా అంటాం, ఆయన ఉద్యమమే నడిపేశాడు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టిందీ పండితులు కాదు, ఊళ్లోని యువజన సంఘం కుర్రాళ్లు. రైళ్లూ బస్సులూ అంతగా తిరగని చోట 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరా పంపించారు. పడవ వచ్చే వేళకి జనం గట్టున ఉండాలి, అంతే. ఇప్పుడు గ్రంథాలయం ఒకచోట స్థిరపడింది, వేళలు స్థిరపడ్డాయి. కదలనిది తాళం కూడా.

రంగనాథన్ గారైతే 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పారు. పుస్తకాలున్నది వాడుకోవడానికన్నది అందులో మొదటిది. ఆయన ఫొటో కిందే పుస్తక ప్రదర్శన బల్ల వేశారు. బల్ల మీద, "ముట్టుకోరాదు" అని అట్టముక్క.

ముఖ్య అతిథి మాట్లాడుతూ, ఫోన్లు పక్కన పెట్టి పుస్తకాలు పట్టుకోండని పిల్లలకి హితవు చెప్పారు. మధ్యలో రెండు ఫోన్లు మాట్లాడారు. ఆ తర్వాత పుర పెద్దలొకరు లేచి, గ్రంథాలయాలు జాతి సంపద అన్నారు. ఆ సంపదకి ఒక లెక్కుంది. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. స్థానిక సంస్థలు దాన్ని మన దగ్గర పన్నుతో పాటే వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. వసూలులో ఏ లోపమూ లేదు. జమ దగ్గరకి వచ్చేసరికే కాస్త మరుపు. బకాయిలు అడగాల్సినవాళ్లూ, ఇవ్వాల్సినవాళ్లూ ఆ పూట ఒకే సోఫాలో కూర్చుని ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు.

ఇక ఫొటో. పేపర్లో వేయడానికి పిల్లల చేతుల్లో పుస్తకాలుండాలి కదా. అటెండరు బీరువాలోంచి నలభై పుస్తకాలు తీసి, దుమ్ము దులిపి, ముందు వరసలో పంచాడు. అందరూ పుస్తకం తెరిచి, కళ్లు మాత్రం కెమెరా వైపు తిప్పి నవ్వారు. ఫొటో అయిపోగానే పుస్తకాలు వెనక్కి తీసుకుని లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది.

మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిదే.

వేదిక మీద శాలువాలు ఆగిపోయాయి. లైబ్రేరియన్ గారి మొహం పాలిపోయింది. పాపం, ఆయన్ననాల్సిన పని లేదు. పుస్తకం పోతే రికవరీ ఆయన జీతంలోంచే. తాళాలు ఊరికే పుట్టవు. పీఈటీ మాస్టారు ఈల ఊదారు. పిల్లల సంచులు వెతికారు. చివరికి సైకిళ్ల స్టాండు వెనక దొరికాడు దొంగ. పదో తరగతి కుర్రాడు, గోడకి ఆనుకుని గొంతుక్కూర్చుని చదువుతున్నాడు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవల. అట్ట లేదు.

"ఏరా, ఎవర్నడిగి తీశావు?"

"మీరే ఇచ్చారు కదా సార్... ఇంకో ఇరవై పేజీలే ఉంది సార్."

వారం రోజుల వారోత్సవాల్లో గ్రంథాలయ పుస్తకం ఒకటి చదువుతుండగా పట్టుబడ్డ టీనేజర్ వాడొక్కడే. చెవి మెలేసి, పుస్తకం లాక్కుని, బీరువాలో పెట్టి తాళం వేశారు. తర్వాత నేను అడిగి తీయించి చూశాను. చివరి నాలుగు పేజీలు అసలు లేవు. హంతకుడెవరో వాడికీ తెలియదు, గ్రంథాలయానికీ తెలియదు.

వాడి వయసులో మాకు అద్దె పుస్తకాల షాపుండేది. బస్టాండు సందులో, సోడాల బండి పక్కన, తలుపంత వెడల్పు. రోజుకి పావలా. హామీదారు సంతకం లేదు, మన మొహమే హామీ. మధుబాబు షాడో ఎక్కడిదాకా వచ్చిందో, యండమూరి కొత్త నవల ఎవరింట్లో ఉందో, ఎప్పుడు తిరిగొస్తుందో షాపాయన నోటితోనే చెప్పేవాడు. "నీకిది నచ్చదు, పక్కది తీసుకో" అనేవాడు. మన పక్కన నాన్న నిలబడి ఉంటే, అడక్కుండానే ఏ బాలమిత్రో చేతిలో పెట్టి కన్ను గీటేవాడు. ఆ చదువుల్లో సాహిత్యం ఎంతుందని పండితులు అడగొచ్చు. అలవాటైతే ఉంది. చలాన్నీ కొడవటిగంటినీ తర్వాత మేం చదివామంటే పేజీ తిప్పే చెయ్యి అక్కడ తయారైందే. పదిహేనేళ్ల వాడికి ఏం కావాలో తెలిసిన లైబ్రేరియన్ని నేను చూసింది ఆయన్నొక్కణ్నే. ఆయన జన్మలో వారోత్సవం జరపలేదు.

మిగతా రోజుల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఒకరోజు క్విజ్ పెట్టారు. గ్రంథాలయ పితామహుడెవరన్న ప్రశ్నకి జవాబు వేదిక మీద ఫొటో కిందే రాసి ఉంది కాబట్టి అందరికీ మార్కులొచ్చాయి. 19న మహిళా దినం అని ముగ్గుల పోటీ. ముగ్గుకీ గ్రంథాలయానికీ సంబంధమేమిటండీ అనడిగితే, "మధ్యలో పుస్తకం బొమ్మ వేస్తారు సార్" అన్నారు. 20న బహుమతులు. గెలిచినవాళ్లందరికీ స్టీలు టిఫిన్ బాక్సులు. "పుస్తకాలిస్తే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు సార్" అన్నారు. ఇంకాస్త చిన్నగా రాసివ్వగలనన్న మన మొదటి బహుమతి కుర్రాడు మూడు గిన్నెల బాక్సు అందుకుని, నా కాళ్లకి దండం పెట్టి వెళ్లాడు.

వచ్చేముందు సలహాల పుస్తకంలో రాయమన్నారు. పెద్దగా ఏమీ అడగలేదు. పదమూడేళ్లు దాటిన మనిషి మోకాళ్లకి సరిపోయే కుర్చీలు ఆరు. తాళం లేని అలమర ఒకటి, అందులో డిటెక్టివ్‌లు, దయ్యాలు, నామిని, ఖదీర్‌బాబు, పాత చందమామల బైండ్లు, పిల్లలు ఏవి అడిగితే అవి. ఆదివారం మధ్యాహ్నం ఒక మూడు గంటలు తలుపు తీసి ఉంచడం. ఆ కొమ్మూరి నవలకి చివరి పేజీలు. రాసేటప్పుడు పైన చూశాను. పోయినేడు నేనే రాసిన సలహా ఉంది. కింద, "పరిశీలించబడును" అని ఉంది.

మీ ఇంటిపన్ను నోటీసు ఓసారి తీసి చూడండి. లైబ్రరీ సెస్సు అని ఒక గడి ఉంటుంది, మీరు దాన్ని ఏటా కడుతున్నారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే వెంటబెట్టుకుని, ఒక సాయంత్రం నాలుగు దాటాక మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి, మా పిల్ల ఎక్కడ కూర్చోవాలండీ అని అడగండి. హామీదారు సంతకం ఎలాగూ మీరే చేయాలి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.