ఆఖరి లైనులో నా పేరు

నేను ఎల్‌టీఓ-4 టేపును. అరంగుళం వెడల్పు, 820 మీటర్ల పొడవు. 800 గిగాబైట్లు మోస్తాను. మా తరం 2007లో వచ్చింది. ముంబైలో దాదర్ తూర్పున ఒక ఆఫీసు సర్వర్ గదిలో నా కాపురం. నన్ను చూసుకునే మనిషి కామాటిపుర గల్లీలో పుట్టిన తెలుగువాడు. తండ్రి కరీంనగర్ వైపు నుంచి వచ్చి మిల్లులో సాంచెలు నడిపిన పద్మశాలి.

మా గదిలో చాలా టేపులు ఉద్యోగుల ఫైళ్లు మోస్తాయి. ఏ ఫైలు ఏ టేపు మీద ఎక్కడుందో బ్యాకప్ తీసే టీఎస్‌ఎం సాఫ్ట్‌వేర్ తన డేటాబేసులో రాసుకుంటుంది. ఆ డేటాబేసు పోతే ఫైళ్లన్నీ టేపుల మీదే ఉన్నా ఎవరికీ దొరకవు. అందుకని రోజూ డేటాబేసును కూడా ఒక టేపు మీదికి ఎక్కిస్తారు. నాది ఆ పని.

మరి డేటాబేసు ఏ టేపు మీద ఉందో ఎవరిని అడగాలి? పోయిన డేటాబేసును అడగలేం. దానికోసం విడిగా ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. పేరు వాల్యూమ్ హిస్టరీ. ఏ తేదీన, ఏ గంటకు, ఏ రకం పని, ఏ టేపు మీద జరిగిందో అందులో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆరో వెర్షన్ నుంచి ఈ ఫైలు లేకుండా డేటాబేసును తిరిగి తెచ్చుకోవడం కుదరదు. నా దృష్టిలో ఆ గదిలో అన్నిటికన్నా విలువైన వస్తువు అదే.

అందులో నా పేరున్నంత కాలం నన్నెవరూ చెరపరు. నన్ను ఖాళీ టేపుల్లో కలపాలంటే ‘డిలీట్ వాల్‌హిస్టరీ’ ఆజ్ఞతో నా పద్దు కొట్టేయాలి. కొట్టేయకపోతే నాలాంటివి పోగుపడి ఖాళీ టేపే దొరకదు. తొందరపడితే వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఇంకో మెలిక ఉంది. డేటాబేసు కాపీలు వారం ఉంచుతూ, ఖాళీ అయిన ఫైళ్ల టేపుల మీద మూడో రోజే మళ్లీ రాసేస్తే, వారం కిందటి డేటాబేసు తిరిగొచ్చినా అది చూపించే చోట వేరే సరుకు ఉంటుంది.

మావాడికి ఈ జాగ్రత్త ఇంట్లోనే అబ్బింది. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఏళ్ల తర్వాత మిల్లు కార్మికులకు ప్రభుత్వ గృహ సంస్థ మ్హాడా లాటరీలో ఇళ్లిస్తామన్నప్పుడు, 1982 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పనిలో ఉన్నట్టు రుజువు కావలసి వచ్చింది. తండ్రి ట్రంకు పెట్టెలోంచి మిల్లు టికెట్టు, పీఎఫ్ చీటీ తీశాడు. సాంచెల మీద అరిగిన చేతులను ఎవరూ రుజువుగా తీసుకోరు. “కాయితం పడెయ్యకు బిడ్డా” అని ఆయన కొడుక్కి చెప్పిన మాట నాకూ తెలుసు, ఎందుకంటే కొడుకు దాన్ని ఆఫీసులో అందరికీ చెప్తాడు.

ఒక వానాకాలం రాత్రి సర్వర్ డిస్కు పోయింది. ఆఫీసు దారిలో హిందమాతా దగ్గర మోకాటి లోతు నీళ్లు, మావాడు ఇంటి దగ్గరే చిక్కుకున్నాడు. గదిలో కొత్త కుర్రాడొక్కడే. ఫోన్ చేశాడు.

“అన్నా, గిన్ని టేపులల్ల ఏది పెట్టాలె?”

“పక్క మెషీన్ల హిస్టరీ ఫైలు కాపీ ఉంటది. డేటాబేస్ బ్యాకప్‌లల్ల ఆఖరి లైను సూడు.”

ఆ లైనులో ఉన్నది నా బార్‌కోడే. కుర్రాడు ఆ ఫైలును దాని చోట్లో పెట్టి, ఆజ్ఞ ఇచ్చాడు. రోబో చెయ్యి వచ్చి నన్ను డ్రైవులోకి తోసింది. తెల్లారేసరికి డేటాబేసు లేచింది. ఆ రాత్రి నేను చేసింది చదివించుకోవడమే. గదిని కాపాడింది పక్క మెషీన్లో పడివున్న ఆ చిన్న ఫైలు.

టేపు గదులు చూసుకునే అన్నలకు, అక్కలకు నా విన్నపం. వాల్యూమ్ హిస్టరీని, టేపు డ్రైవుల వివరాలుండే డివైస్ కాన్ఫిగరేషన్ ఫైలును ఆ సర్వర్ మీదే వదిలేయకండి, రోజూ ఇంకోచోటికి పంపండి. డేటాబేసు కాపీలు ఎన్నాళ్లు ఉంచుతారో, ఫైళ్ల టేపులు తిరిగి వాడటానికి కనీసం అన్నాళ్లు ఆగండి. పాత పద్దులు కొట్టేసే ముందు తేదీ ఒకటికి రెండుసార్లు చూసుకోండి.