వయా కర్నూలు

కర్నూలు, కడప నగరాలను చూడదలచిన యాత్రికుడు ముందుగా గ్రహించవలసినది ఏమిటంటే, ఈ రెండు నగరాల మీదుగా పోవడానికి ఉన్నన్ని సౌకర్యాలు ఆ నగరాలకు పోవడానికి లేవు. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలును ఒరుసుకుంటూ వెళ్తుంది. ముంబయి నుంచి చెన్నై పోయే రైలుమార్గం పంతొమ్మిదో శతాబ్దం నుంచీ కడప మీదుగానే నడుస్తోంది. తెలంగాణ నుంచి తిరుపతికి బయలుదేరిన భక్తజనం ఈ రెండు ఊళ్లనూ నిద్రలోనే దాటేస్తుంది. ఇంతటి రవాణా వైభవం నడుమ, కర్నూలుకే టికెట్టు కొన్నవాడిని మాత్రం వ్యవస్థ గమ్యం చేరినవాడిగా కాక మధ్యలో దిగిపోయినవాడిగా లెక్కిస్తుంది.

రాత్రిపూట బెంగళూరు వైపు పోయే ప్రైవేటు ట్రావెల్స్ బస్సుల్లో ఈ లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాదులో రాత్రి భోజనం ముగించి ఎక్కిన ప్రయాణికుడు, ఏసీ చలికి దుప్పటి ముసుగుదన్ని అప్పుడప్పుడే కన్ను మూసిన వేళ, "కర్నూలోళ్లు రావాలప్పా" అన్న కేకకు ఉలిక్కిపడి లేచి, ఒక చెప్పు దొరికి రెండోది దొరకక తడుముకుంటూ దిగి చూస్తే, ముందు లారీలు, వెనక లారీలు, ఎదురుగా ఒకే ఒక్క ఆటో కనిపిస్తాయి. ఆ ఆటో అక్కడ ఉండడం యాదృచ్ఛికం కాదు. దాని డ్రైవరుకు ఆ బస్సు వేళ యజమాని కన్నా బాగా తెలుసు. బైపాస్ నుంచి ఊళ్లోకి ఆయన అడిగే మొత్తం విన్నవారికి మిగతా నిద్ర కూడా ఎగిరిపోతుంది కనుక, బస్టాండు లోపలిదాకా వెళ్లే ఆర్టీసీ బస్సు ఎక్కడం అన్నివిధాలా శ్రేయస్కరం. రైలే కావాలనుకునేవారికి కాచిగూడ నుంచి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది గానీ, అది కూడా కర్నూలును అర్ధరాత్రి వేళే పలకరించి, డోన్, తాడిపత్రి, ఎర్రగుంట్లల మీదుగా చుట్టు తిరిగి, కోడి కూసే వేళకు కడపలో దించుతుంది.

ఈ రెండు నగరాలను కలపడానికే పుట్టిన ఏకైక ప్రయాణ సాధనం కోసం చరిత్రలోకి వెళ్లవలసి ఉంటుంది. అది పడవ. నీటి చుక్కకు ముఖం వాచిన సీమలో పడవ ప్రయాణమా అని నవ్వేవారు కె.సి. కెనాల్ పూర్తి పేరు కర్నూలు-కడప కాలువ అన్న సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట దగ్గర మొదలై దాదాపు 300 కిలోమీటర్లు సాగే ఈ కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863-1870 మధ్య తవ్వించింది. పొలాలకు నీరు, సరుకులకు పడవదారి, లండనులోని వాటాదారులకు లాభం అనే మూడు ప్రయోజనాలను అది ఏకకాలంలో ఆశించింది. నీటిమట్టం మారే చోట్ల పడవను ఎక్కించి దించడానికి లాకులు, అంటే రెండు తలుపుల మధ్య నీటిని నింపి ఖాళీ చేసే గదులు, కట్టించారు. అయితే మెట్ట పంటలకు అలవాటుపడిన రైతులు డబ్బిచ్చి నీరు కొనడానికి తొందరపడలేదు, పడవలూ అనుకున్నంతగా నడవలేదు, చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొని కంపెనీని గట్టెక్కించింది. నష్టాన్ని ప్రజల ఖాతాలో వేసే విద్య ఇటీవలిదని భావించేవారు ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేయవచ్చు. 1933తో పడవలకు స్వస్తి చెప్పి కాలువను సేద్యానికే పరిమితం చేశారు. ఆ తర్వాత కర్నూలు నగరానికి పడవలు ఎవరూ పిలవకుండానే వచ్చింది 2009 అక్టోబరు వరదల్లో. అప్పుడవి కాలువలో కాదు, వీధుల్లో తిరిగాయి.

పారలతో, గంపలతో 300 కిలోమీటర్ల కాలువను ఏడేళ్లలో పూర్తి చేసిన ఈ నేల మీదే, యంత్రాలన్నీ అందుబాటులోకి వచ్చాక, 1996-97లో మంజూరైన 123 కిలోమీటర్ల నంద్యాల-ఎర్రగుంట్ల రైలుమార్గం 2016 ఆగస్టులో ప్రారంభమైంది. ఏడాదికి ఆరు కిలోమీటర్ల చొప్పున సాగిన ఈ నిర్మాణాన్ని తొందరపాటు అని ఎవరూ నిందించలేరు. కడప-బెంగళూరు కొత్త మార్గం అంతకన్నా నిదానస్తురాలు. ఇరవై కిలోమీటర్లకు కాస్త పైబడి పెండ్లిమర్రి దాకా వచ్చి ఆగి ఆలోచిస్తోంది.

ఆకాశమార్గం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. కడపలో 2015 జూన్‌లో విమానాలు మొదలయ్యాయి. ఆ తర్వాత కడపకు ఎగిరిన సంస్థల్లో రెండు ఏకంగా మూతపడ్డాయి గానీ అందుకు కడపను తప్పుపట్టడం భావ్యం కాదు. కర్నూలుకు సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఓర్వకల్లులో 2021 మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఓర్వకల్లు నుంచి కడపకు నేరుగా విమానం లేదు. ఎగిరే తీరాలన్న పట్టుదల గలవారు మరో మహానగరం చుట్టి రావాలి, ఈలోగా నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా పోయే ఎర్రబస్సు 200 కిలోమీటర్లు పూర్తి చేసి డిపోలో కడిగించుకుంటూ ఉంటుంది.

కాబట్టి ఆచరణలో దారి బస్సే. బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే "వస్తాది లేప్పా" అన్న సమాధానం వస్తుంది. ఇది కాలాన్ని సూచించే వాక్యం కాదు, ఓదార్పు వాక్యం. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకొనే సంప్రదాయం ఇక్కడ చట్టంతో సమానం: తువ్వాలుకు ఉన్న విలువ చేతిరుమాలుకు లేదు, రెండూ లేనివారు పెట్టే నీళ్ల సీసాను ఎవరూ లెక్కచేయరు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఈ తువ్వాళ్ల రాజ్యాంగం సవరణకు గురైంది. డెబ్బై ఏళ్లుగా నిలబడి ప్రయాణించిన ఆడవాళ్ల గురించి ఆలోచించని పురుషలోకం నంద్యాల దాకా నిలబడవలసి రావడాన్ని ఘోర అన్యాయంగా వర్ణిస్తోంది.

నగరంలో తిరగడానికి షేర్ ఆటో ఉంది. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ వెళ్లినవారు అక్కడి సోంగ్‌తేవ్‌ను, అంటే ట్రక్కు వెనక రెండు బల్లలు వేసి దారిలో ఎక్కించుకుంటూ పోయే ఎర్రబండిని, ఫొటో తీసి ఇంటికి పంపుతారు. అదే పెద్దమనిషి కర్నూలులో డ్రైవరు పక్కన సగం సీటు మీద, సగం గాలిలో కూర్చున్నప్పుడు మాత్రం ఎవరైనా ఫొటో తీస్తారేమోనని తల తిప్పుకుంటాడు. ఆటో ఎక్కేవారు ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్న పేర్లు నేర్చుకోవాలి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వెలిసిన పేటలవి; 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, క్యాంపు మాత్రం ఇంకా ఎత్తలేదు. కడపలో ఏడు రోడ్ల కూడలి తెలిస్తే చాలు, ఎటు పోయినా అక్కడికే వస్తారు.

చుట్టుపక్కల క్షేత్రాలకు వెళ్లేవారికి కొన్ని హెచ్చరికలు అవసరం. మంత్రాలయం రోడ్ అనే స్టేషనులో దిగినవారు మంత్రాలయంలో దిగినట్టు కాదు, మఠం ఇంకా సుమారు 15 కిలోమీటర్లు ఉంటుంది. దోర్నాల మీదుగా శ్రీశైలం పోయేవారు రాత్రి 9 లోపు అటవీశాఖ గేటు దాటాలి, లేదంటే ఉదయం 6 దాకా మల్లన్న కన్నా ముందు దోమల దర్శనం అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బేలం గుహలలోకి దిగితే చల్లగా ఉంటుందని ఆశపడేవారికి లోపలి ఉక్కపోత మరో పాఠం చెబుతుంది. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బయలుదేరినవారికి ఆ పాఠం ఇంకాస్త వివరంగా అందుతుంది. ఇక గండికోటకు జనం వెళ్లేది పెన్నా లోయ మీద పొద్దు గుంకడం చూడడానికి. బస్సులేమో తక్కువ, వాటి వేళలు సూర్యుణ్ణి సంప్రదించి వేసినవి కావు. అందుచేత జమ్మలమడుగులోనే రానూపోనూ ఆటో మాట్లాడుకొని, నిరీక్షణకు ఎంతో కూడా అక్కడే తేల్చుకోవాలి. చీకటి పడ్డాక లోయ అంచున నిలబడి బేరమాడేవారికి కోటను పాలించిన పెమ్మసాని నాయకులు దిగివచ్చినా ఒక్క రూపాయి తగ్గించలేరు.